తమ్ముడి చేతి మీది గాయాలు: అది స్వభావమేనా, మారదా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి ఇరవై రెండేళ్లు. బీటెక్ అయి ఏడాది కావస్తోంది, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు కుడిచేతి పిడికిలి వాచి ఉంది, ముంజేతి మీద పాత మచ్చలు కనిపించాయి. బైక్ మీద నుంచి పడ్డానని అందరికీ చెప్పి, మీ ఒక్కరికే నిజం చెప్పాడు. బాధ పట్టలేనప్పుడు గోడను గుద్దుతాడు, కొన్నిసార్లు తనను తాను గాయపరచుకుంటాడు. ‘చచ్చిపోవాలని కాదక్కా, ఆ క్షణం ఆగిపోవాలని’ అన్నాడు. అమ్మానాన్నలకు చెప్పనని మీ దగ్గర మాట తీసుకున్నాడు. ‘వాడు చిన్నప్పటి నుంచీ ఇంతే. నాన్న పొద్దున ఒక మాట అంటే రాత్రి అన్నం దగ్గర కూడా ముఖం అలాగే ఉంటుంది. ఇది వాడి స్వభావమేనా? స్వభావమైతే మారుతుందా? ఇంటర్నెట్‌లో బోర్డర్‌లైన్ అనే మానసిక సమస్య గురించి చదివి నిద్రపట్టడం లేదు’ అని అడిగారు.

నేను క్లినికల్ సైకాలజిస్టును. ఇరవై ఏళ్లుగా కాలేజీ వయసు పిల్లలతోనే నా పని ఎక్కువ. మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది.

చచ్చిపోవాలని కాదని అతను అన్న మాటను నమ్మండి. నమ్మి ఊరుకోకండి. ఇలా గాయపరచుకునేవారిలో ఎక్కువమందికి ఆ సమయంలో చనిపోవాలన్న ఉద్దేశం ఉండదు. అయినా ఈ అలవాటు ఉన్నవారికి ముందు ముందు ఆత్మహత్యా ప్రయత్నం చేసే ముప్పు ఇతరుల కంటే ఎక్కువ. పైగా ఉద్దేశం అన్ని రోజులూ ఒకేలా ఉండదు, ఒక వారంలోనే మారిపోవచ్చు. అందుకే ‘నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మన ఇళ్లలో భయం. అలా పుట్టదు. చాలామంది పిల్లలు ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతోనే మొదటిసారి నోరు విప్పుతారు. అవునని చెప్పినా, వస్తువులు పంచిపెట్టేస్తున్నా, వీడ్కోలు చెబుతున్నట్లు మాట్లాడుతున్నా అతన్ని ఒంటరిగా వదలకండి. దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. ఏ వేళప్పుడైనా 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీది వ్యవసాయ కుటుంబం అన్నారు. ఇంట్లో ఉన్న మందులు, పొలానికి వాడే రసాయనాలు తాళంలో ఉండాలి, తాళంచెవి మరొకరి దగ్గర ఉండాలి. తీవ్రమైన ఘడియ తరచూ కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు ప్రమాదకరమైనదేదీ చేతికి అందకుండా ఉండటం ప్రాణాలు కాపాడుతుంది.

ఇక స్వభావం సంగతి.

మీరు అన్నదాంట్లో నిజం ఉంది. మనస్తత్వ శాస్త్రంలో మనిషి స్వభావాన్ని ఐదు పెద్ద గుణాలుగా కొలుస్తారు. వాటిలో ఒకటి న్యూరోటిసిజం. వినడానికి రోగం పేరులా ఉంటుంది గాని రోగం కాదు. దిగులు, ఆందోళన, సిగ్గు, కోపం త్వరగా పుట్టే గుణం, అంతే. ప్రతి మనిషిలోనూ ఇది ఎంతో కొంత ఉంటుంది. తమను తాము గాయపరచుకునే యువతలో ఇది సగటు కంటే ఎక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలింది. దానికి తోడు మరో గుణం కూడా కనిపిస్తుంది. మామూలు వేళల్లో నిదానంగా ఉండే మనిషి, బాధ ముదిరేసరికి ముందూ వెనుకా చూడకుండా ఏదో ఒకటి చేసేయడం. మీ తమ్ముడు లెక్కల్లో, డబ్బు విషయంలో ఎంతో జాగ్రత్తపరుడని రాశారు. అందులో వైరుధ్యం లేదు. అతనిది తొందరపాటు మనస్తత్వం కాదు, బాధలో మాత్రమే వచ్చే తొందర.

ఉద్వేగ స్పందన అనే మాట కూడా మీరు చదివే ఉంటారు. హార్వర్డ్‌లో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ నాక్, ఆయన సహచరులు 2008లో దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు విషయాలు చూస్తారు. ఎంత చిన్నదానికి మనసు కదులుతుంది, ఎంత గట్టిగా కదులుతుంది, ఎంతసేపటికి కుదుటపడుతుంది. ఇంట్లోవాళ్లకు మొదటి రెండే కనబడతాయి. ‘ఇంత చిన్నమాటకు అంత రాద్ధాంతమా’ అంటారు. మూడోది ఎవరూ పట్టించుకోరు. పొద్దున్న పడిన మాట రాత్రి అన్నం దగ్గర కూడా ముఖంలో ఉందంటే అది అలక కాకపోవచ్చు. అతని ఒంట్లో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది. అది దిగకముందే రెండో మాట, మూడో మాట వచ్చి పడతాయి. నాలుగోది ఎంత చిన్నదైనా దానికే పొంగిపోతుంది. మీకు కనిపించేది ఆ నాలుగోదే.

ఇంతవరకూ స్వభావం. కానీ ఇంత సున్నితంగా ఉండేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? వారిలో అత్యధికులు ఎన్నడూ తమ ఒంటి మీద చేయి చేసుకోరు. కవిత్వం రాస్తారు, దేవుడి గదిలో కూర్చుంటారు, అక్కకు ఫోన్ చేసి గంటసేపు ఏడుస్తారు. కాబట్టి స్వభావానికీ గాయానికీ మధ్య మరొకటి ఉంది. బాధ వచ్చినప్పుడు ఏం చేయాలో ఆ మనిషి నేర్చుకున్న పద్ధతి అది. గాయపరచుకున్నప్పుడు కొన్ని నిమిషాల పాటు లోపలి రొద తగ్గినట్లు అనిపిస్తుంది. ఆ తర్వాత సిగ్గు, దాచుకునే అవస్థ, ఇంకా పెద్ద బాధ వస్తాయి. మెదడు మాత్రం ఆ మొదటి కొన్ని నిమిషాలనే గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ బాధ రాగానే అదే దారి చూపిస్తుంది. అలవాటు బలపడేది ఇలాగే. నేర్చుకున్నదాని స్థానంలో మరొకటి నేర్చుకోవచ్చు. మా పనంతా అక్కడే ఉంది, మా ఆశ కూడా అక్కడే.

‘నలుగురి దృష్టిలో పడటానికే’ అనే మాటకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. ఎందుకంటే మీ నాన్నగారికి తెలిస్తే మొదట అనేది అదే కావచ్చు. గాయపరచుకోవడానికి కారణాలు అడిగినప్పుడు ఎక్కువమంది చెప్పేది భరించలేని భావాన్ని ఆపడం గురించే. తనను తాను శిక్షించుకోవడం తర్వాతి కారణం. ఇతరులకు ఏదో తెలియజెప్పాలన్న కారణం కూడా ఉండొచ్చు, కానీ తక్కువ. అందరూ చూడాలనుకున్నవాడు బైక్ మీద నుంచి పడ్డానని ఎందుకు చెబుతాడు? ఒకవేళ ఎవరైనా చూడాలనే చేసినా, తన బాధ చెప్పుకోవడానికి ఆ మనిషికి అంతకంటే మంచి దారి దొరకలేదనే కదా దాని అర్థం.

మగపిల్లల గురించి విడిగా చెప్పాలి. ఇది ఆడపిల్లల సమస్య అనుకోవడం వల్ల మగపిల్లలు ఎందరో మా దాకా రారు. అమ్మాయిల్లో కొంత ఎక్కువే, కానీ తేడా జనం అనుకునేంత లేదు. గోడను గుద్దితే ‘కుర్రతనం, కోపం’ అని ఇంట్లో నవ్వేస్తారు. ఎముక విరిగితే కట్టు కట్టించి పంపేస్తారు. ఆ గుద్దు వెనక ఏముందని ఎవరూ అడగరు. 2014లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణ వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసింది. చనిపోయే ఉద్దేశం లేకుండా జీవితంలో ఒక్కసారైనా తమను గాయపరచుకున్నవారు కౌమారంలో 17.2 శాతం, యువతలో 13.4 శాతం, పెద్దవారిలో 5.5 శాతం ఉన్నారు. అంటే మీ తమ్ముడి హాస్టల్లో అతను ఒక్కడే కాకపోవచ్చు. అతను మాత్రం తానొక్కడినే అనుకుంటున్నాడు.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. అతనెవరో గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ‘ఎందుకు చేశావు?’ అని ఇంట్లో అందరూ అడిగారు, అతని దగ్గర జవాబు లేదు. నేను ఎందుకని అడగలేదు. ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టి, ఆ రోజు నిద్రలేచిన దగ్గర నుంచి గంట గంటకూ ఏం జరిగిందో రాద్దామన్నాను. ముందురాత్రి తెల్లవారుజామున నాలుగింటికి పడుకున్నాడు. మధ్యాహ్నం మెస్సుకు వెళ్లలేదు. సాయంత్రం స్నేహితుల వాట్సాప్ గుంపులో ఒకడు ఆఫర్ లెటర్ ఫోటో పెట్టాడు. ఇతను చప్పట్ల బొమ్మ పెట్టి ఫోను బోర్లించాడు. తొమ్మిదిన్నరకు నాన్న ఫోన్. ‘ఏమైనా తెలిసిందా?’ అని రెండే మాటలు. అందులో కోపం కూడా లేదు. ‘లేదు నాన్నా’ అన్నాడు. అవతల కాసేపు మౌనం, తర్వాత ‘సరే, అన్నం తిను’ అని ఫోన్ పెట్టేశారు. ఆ మౌనం దగ్గర అబ్బాయి పెన్ను ఆగింది. ‘ఇక్కడ ఏమైంది?’ అన్నాను. చాలాసేపటికి ‘నేను ఆయనకు దండగ అనిపించింది’ అన్నాడు. ఆ తలపుకూ గాయానికీ మధ్య ఎంతసేపు గడిచిందో చూస్తే పదకొండు నిమిషాలు.

మా పనంతా ఆ పదకొండు నిమిషాల మీదే జరిగింది. అందులో మొదటి రెండు నిమిషాల్లో ముఖం మీద చన్నీళ్లు గుమ్మరించుకోవడం, మెట్లు దిగి కిందికి వచ్చేయడం, గదిలో ఒంటరిగా ఉండకపోవడం. తర్వాత, ముందే అనుకుని ఉంచిన ఒక మనిషికి ఫోన్ చేసి ‘బాగాలేదు’ అన్న ఒక్కమాట చెప్పడం. కారణం చెప్పనవసరం లేదని ఆ మనిషితో ముందే ఒప్పందం. ఇవి నయం చేసేవి కావు, సమయం గడిపించేవి. ఆటుపోటులా వచ్చిన ఆ తీవ్రత, దానికి ఏమీ తోడు చేయకపోతే, దానంతట అదే దిగుతుందని అతను ఒంటితో తెలుసుకోవాలి. మూడోసారో నాలుగోసారో తెలిసింది. అసలు వైద్యం అటు తర్వాత మొదలైంది. నిద్ర, తిండి, ‘దండగ’ అనే ఆ తలపు, నాన్న మౌనానికి ఉన్న వేరే అర్థాలు. ఆయన మౌనంలో ఉన్నది భయం అని కొన్ని నెలల తర్వాత ఆయనే నా ఎదుట చెప్పారు.

ఇలా గొలుసు విప్పి చూసే పద్ధతి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలోది. క్లుప్తంగా డీబీటీ అంటారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా లినెహన్ దీన్ని రూపొందించారు, దాని మీద తొలి పరీక్షా ఫలితాలు 1991లో వచ్చాయి. తన యౌవనంలో తానూ ఇదే బాధ పడ్డానని, ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు. ఆమె సిద్ధాంతంలో నాకు బాగా పనికొచ్చినది ఒకటుంది. సున్నితమైన స్వభావం ఒక్కటే సమస్య తేదు. ఆ స్వభావం ఉన్న పిల్లవాడికి, నీకు కలుగుతున్న బాధ అసలు బాధే కాదు అని ఏళ్ల తరబడి చెప్పే పరిసరం తోడైతే సమస్య అవుతుంది. ‘మగాడివి, ఏడుస్తావా’, ‘మేం పడని కష్టాలా’, ‘పక్కింటి వాడిని చూడు’. ఈ మాటలు అన్నవారు చెడ్డవారు కాదు. పిల్లవాడిని గట్టిపరుస్తున్నాం అనుకుంటారు. పిల్లవాడు నేర్చుకునేది వేరు. మామూలు గొంతుతో చెప్పిన బాధ ఎవరికీ వినపడదని నేర్చుకుంటాడు.

మీరు ఒక పని చేయవద్దని బతిమాలుతున్నాను. ఒట్టు వేయించుకోకండి. ‘నా మీద ఒట్టు, అమ్మ మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయనని చెప్పు’ అనడం మన ఇళ్లలో ప్రేమతోనే జరుగుతుంది. కానీ ఈ అలవాటు ఒక్కరోజులో ఆగదు. మధ్యలో ఒకటి రెండుసార్లు జారడం మామూలే. ఒట్టు తప్పిన రోజున అతనికి మొదటి బాధకు తోడు ‘అమ్మకు ఏమన్నా అయితే నా వల్లే’ అనే బాధ చేరుతుంది. ఆ రెండో బాధ మొదటిదానికంటే పెద్దది. ఆ తర్వాత మీకు నిజం చెప్పడు. ఒట్టుకు బదులు ‘మళ్లీ అలా అనిపించినప్పుడు, ముందుగానీ వెనుకగానీ, నాకు చెప్పు. నేను తిట్టను’ అనండి. ఆ మాట మీద నిలబడండి. చేతులు చూపించమని రోజూ తనిఖీ చేయకండి. గాయం చూసినప్పుడు గట్టిగా ఏడవకండి, కేకలు వేయకండి. శుభ్రం చేసి, కట్టు కట్టి, అవసరమైతే వైద్యుడికి చూపించి, ఆ తర్వాత కూర్చుని మాట్లాడండి.

అమ్మానాన్నలకు చెప్పననే మాట విషయంలో కూడా ఇదే. అతను పెద్దవాడు, నమ్మి మీకు చెప్పాడు. వెనుకనుంచి చెప్పేస్తే ఉన్న ఒక్క తలుపూ మూసుకుంటుంది. కానీ హద్దు మాత్రం ముందే తెలియజేయండి. ‘నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే నేను ఆగను, నీకు చెప్పే వాళ్లకు చెబుతాను’ అని. చాలామంది ఈ హద్దుకు ఒప్పుకుంటారు, కొందరు ఊపిరి పీల్చుకుంటారు కూడా.

ఇక బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ గురించి. ఉద్వేగాలు, అనుబంధాలు, తన గురించి తన అభిప్రాయం నిలకడ లేకుండా ఊగిసలాడే మానసిక సమస్య అది. గాయపరచుకునే ప్రతివారికీ అది ఉండదు. అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణలో దానికి తొమ్మిది లక్షణాలున్నాయి, కనీసం ఐదు ఉండాలి, అవి ఎంతో కాలంగా జీవితంలో అన్ని వైపులా కనిపిస్తూ ఉండాలి. స్వీయహాని అందులో ఒకటి మాత్రమే. ఆందోళన, డిప్రెషన్, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ, చిన్నప్పటి హింస, మద్యం, ఇవేవైనా వెనక ఉండొచ్చు. వీటిలో ఏదీ లేకుండా నిరుద్యోగపు ఒత్తిడే ఉండొచ్చు. ఇంటర్నెట్ పరీక్ష తేల్చలేదు. ఒకటి రెండు సార్లు మాట్లాడి నేను కూడా తేల్చను. ఒకవేళ అదే అని తేలినా, మీరు చదివినట్లు అది జీవితాంతపు శిక్ష కాదు. పరిశోధకురాలు మేరీ జనారిని బృందం అమెరికాలో ఈ సమస్యతో ఆసుపత్రిలో చేరిన రోగులను పదేళ్లు అనుసరించి చూస్తే, 93 శాతం మందిలో కనీసం రెండేళ్ల పాటు ఆ నిర్ధారణకు సరిపడా లక్షణాలు లేకుండా పోయాయి. ఉద్యోగం, స్నేహాలు కుదుటపడటానికి ఇంకా సమయం పట్టింది, అది కూడా చెప్పాలి.

స్వభావం మారుతుందా అన్నారు. కవలల అధ్యయనాలను బట్టి స్వభావంలోని తేడాల్లో దాదాపు 40 నుంచి 50 శాతం పుట్టుకతో వచ్చేది. మిగతాది జీవితం. ఇరవైల నుంచి నలభైలలోపు చాలామందిలో మనసు నిలకడ దానంతట అదే కొంత పెరుగుతుంది. చికిత్స తోడైతే ఇంకా త్వరగా పెరుగుతుంది. 2017లో 207 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, సగటున 24 వారాల చికిత్స తర్వాత స్వభావ గుణాల్లోనే మార్పు కనిపించింది, అన్నిటికంటే ఎక్కువగా మారింది ఈ ఉద్వేగాల నిలకడే. అయితే మీ తమ్ముడు వేరే మనిషి అయిపోవాలని కోరుకోకండి. అక్క కళ్లలో నీళ్లు చూసి నిజం చెప్పగలిగాడంటే అది కూడా ఆ సున్నితత్వం వల్లే. సున్నితంగానే ఉంటూ, తనను గాయపరచుకోకుండా బతకడం అతనికి రావాలి.

చికిత్స దొరకడం కష్టమే, దాచను. పూర్తి స్థాయి డీబీటీ మన రెండు రాష్ట్రాల్లోనూ అరుదు. అందుకని ఎదురుచూడకండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ‘స్వీయహాని ఉన్నవారితో పనిచేసిన అనుభవం ఉందా? మళ్లీ తీవ్రంగా అనిపించిన రోజుకు రాతపూర్వకంగా ఒక ప్రణాళిక వేస్తారా?’ అని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. మొదటిసారికే మందులు రాసి పంపేస్తే తృప్తిపడకండి. డిప్రెషన్ ఉంటే మందులు మేలు చేస్తాయి, స్వీయహానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. బ్రిటన్ 2022 మార్గదర్శకాలు కూడా ఆ పేరుతో మందులు ఇవ్వవద్దనే చెప్పాయి.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లని కుటుంబాలను చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వ అధికారిని విధుల విషయంలో ఒత్తిడి చేయడానికి చేసే ఆత్మహత్యా ప్రయత్నం మాత్రమే అందులో నేరం. మీ తమ్ముడి విషయంలో ఆ భయమే అక్కరలేదు.

ఈ ఆదివారం వెళ్లి కలుస్తానన్నారు. మొదటి అరగంట ఈ మాటే ఎత్తకండి. ఇంటి నుంచి ఏదైనా వండి తీసుకువెళ్లండి, ఇద్దరూ కలిసి తినండి. హాస్టల్ గదిలో కాదు, పక్కపక్కన నడుస్తూ మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చుంటే మగపిల్లలు మాట్లాడలేరు. ‘మొన్న నాకు చెప్పినందుకు మంచిపని చేశావు. నాకు కోపం లేదు, భయం మాత్రం ఉంది. డాక్టరు దగ్గరికి నువ్వు వెళ్లే మొదటి రోజు నేను బయట కూర్చుంటాను’ అనండి. రానంటే బలవంతం చేయకండి. 14416 నంబరు అతని ఫోన్‌లో మీ ఎదుటే వేయించండి. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లండి. మూడో ఆదివారానికి సరే అన్నవాళ్లు నాకు తెలుసు. వెళ్లి వచ్చాక ఏమన్నాడో ఇక్కడే రాయండి, చదువుతాను.